మంచు పేరుకున్న పొద్దున డెక్ మీద అరచెయ్యంత సాలీడు: ఏమిటది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:

అన్నగారూ, మేము అట్లాంటాకి ఉత్తరంగా కమ్మింగ్‌లో ఉంటాం. కిందటి శనివారం పొద్దున, అంటే నవంబర్ మూడో వారంలో, గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. ఫోన్‌లో చూస్తే 31 డిగ్రీల ఫారెన్‌హీట్. వెనక డెక్ మీదున్న ప్లాస్టిక్ కుర్చీలు గరాజ్‌లో పెట్టేద్దామని తలుపు తీస్తే రెయిలింగ్ మూల ఇంత సాలీడు. కాళ్ళతో కలిపి నా అరచెయ్యంత ఉంది. ఒళ్ళంతా పసుపు, అడ్డంగా నీలంలాంటి పట్టీలు, నల్లటి కాళ్ళ మీద పసుపు కట్లు, కింద ఎర్రగా మచ్చలు. కదల్లేదు. చీపురు కొసతో తాకితే ఒక కాలు మెల్లగా జరిపింది, అంతే. అక్టోబర్‌లో అదే మూల పెద్ద గూడు ఉండేది, అందులో దీనితో పాటు చిన్న చిన్న గోధుమరంగువి రెండు మూడు తిరుగుతుండేవి.

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఉంది. "సాలీడు పాకితే ఒంటినిండా పొక్కులు లేస్తాయి, పిల్లాణ్ణి బయటికి వదలకు" అంటుంది. అదే నోటితో "శివుడి దగ్గర మోక్షం పొందిన జీవి, చంపకండి" అని కూడా అంటుంది. మా ఆయన చెప్పు పట్టుకుని రెడీగా ఉన్నారు. ఒక పెస్ట్ కంట్రోల్ అతనికి ఫొటో పంపిస్తే "చాలా డేంజర్, చలికి ఇంట్లోకి వచ్చేస్తాయి, ఏడాది కాంట్రాక్ట్ తీసుకోండి" అన్నాడు. మాకు నాలుగేళ్ళ బాబు. అసలు ఇదేం సాలీడు? ఇంత చలిలో ఎలా బతికుంది? ఏం చెయ్యమంటారు? ఫొటోలు రెండు పంపిస్తున్నాను.

జవాబు:

అమ్మా, ముందు మీ ఆయన్ని ఆ చెప్పు కింద పెట్టమనండి. ఆయన కొట్టినా కొట్టకపోయినా అది ఇంకో వారమో పది రోజులో, అంతకన్నా ఉండదు. మీ డెక్ మీదున్నది జోరో సాలీడు, ఆడది, వయసైపోయినది. మీ బాబుకి దానితో వచ్చే ప్రమాదం దాదాపు ఏమీ లేదు. పెస్ట్ కంట్రోల్ అతనికి కట్టబోయే డబ్బుతో ఈ చలికి బాబుకి మంచి జాకెట్ కొనండి. తొందరలో ఉంటే ఇక్కడితో చదవడం ఆపెయ్యొచ్చు. మీ అమ్మగారికి మాత్రం చివరిదాకా చదివి వినిపించండి, ఎందుకంటే ఆవిడ చెప్పిన రెండు మాటల్లో ఒకటి తప్పు, ఒకటి చాలా పెద్ద నిజం.

జోరో అని అంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, మీ ఫొటోలు బాగున్నాయి. మామూలుగా నాకొచ్చేవి ఎలా ఉంటాయంటే, ఇరవై అడుగుల దూరం నుంచి, వణికే చేత్తో, మధ్యలో ఒక నల్ల చుక్క, కింద "ఇది విషమా?" అని. మీరు పైనుంచి ఒకటి, కింద నుంచి ఒకటి తీశారు, సాలీడు ఫొటో తియ్యాల్సింది సరిగ్గా అలాగే. పైనుంచి చూస్తే పొడుగాటి పొట్ట, పసుపు మీద అడ్డంగా నీలం, బూడిద కలిసిన పట్టీలు. కింద నుంచి చూస్తే పొట్ట చివరి వైపు ఎర్రటి మచ్చలు. కాళ్ళు నలుపు, వాటి మీద పసుపు కట్లు. ఇవన్నీ ఒకే సాలీడులో కనిపిస్తే, అదీ ఉత్తర జార్జియాలో శరదృతువు చివర కనిపిస్తే, ఇక వేరే పేరు వెతకనక్కర్లేదు. అక్టోబర్‌లో ఉన్న ఆ గూడుని సాయంత్రం ఎండలో చూసి ఉంటే దారాలు బంగారు రంగులో మెరవడం కూడా గమనించేవారు. ఈసారి సాలీడు ఫొటో తీసేటప్పుడు వీలుంటే పక్కన ఒక క్వార్టర్ నాణెం పెట్టండి. జోరో ఆడదాని ఒళ్ళు, కాళ్ళు లెక్కలో వేసుకోకుండా, మహా అయితే ఆ నాణెం అంత ఉంటుంది. కాళ్ళు చాపితేనే మూడు నాలుగు అంగుళాలు, అందుకే మీకు అరచెయ్యంత కనిపించింది. మీరేం ఎక్కువ చేసి చెప్పలేదు.

దీనితో పొరబడేవి రెండున్నాయి. ఒకటి ఇక్కడి పెరళ్ళలో ఎప్పటినుంచో ఉన్న పసుపు నలుపు తోట సాలీడు. అది గూడు మధ్యలో తెల్లటి దారంతో జిగ్‌జాగ్‌గా కుట్టుపని చేసినట్టు ఒక గీత వేస్తుంది, జోరో వెయ్యదు. రెండోది జోరోకి స్వయానా చుట్టం, ఫ్లోరిడాలో, దక్షిణ జార్జియాలో ఎక్కువగా కనిపించే బంగారు దారం సాలీడు. దాని కాళ్ళ మీద అక్కడక్కడా సీసాలు కడిగే బ్రష్ లాగా వెంట్రుకల గుత్తులుంటాయి. మీ ఫొటోలో కాళ్ళు నున్నగా ఉన్నాయి.

కింద ఎర్ర మచ్చ అనగానే మీకు బ్లాక్ విడో గుర్తొచ్చి ఉంటుంది, ఇంటర్నెట్‌లో అందరూ ముందు దాని ఫొటోనే పెడతారు కాబట్టి. బ్లాక్ విడో జార్జియాలో ఉన్న మాట నిజం, దాన్ని చూసి భయపడటంలో తప్పు లేదు కూడా. కానీ అది మిలమిలా మెరిసే నలుపు, పొట్ట గుండ్రంగా చిన్న బఠాణీ గింజలా ఉంటుంది, ఎర్ర మచ్చ ఇసుక గడియారం ఆకారంలో ఉంటుంది, పసుపన్నది అసలు ఉండదు. అది నలుగురికీ కనిపించేలా డెక్ రెయిలింగ్ మీద కూర్చోదు కూడా. కట్టెల మోపు కింద, బోర్లించిన పూలకుండీలో, మీటర్ పెట్టె వెనక, నేలకి దగ్గరగా చిందరవందరగా అల్లుకుని ఉంటుంది. మీ బాబు చేతులు పెట్టకుండా చూసుకోవాల్సిన చోట్లు అవీ. బ్రౌన్ రెక్లూజ్ సంగతి అడగలేదు కానీ అడగబోతారని తెలుసు. కాళ్ళ మీద చారలు ఉన్నదేదీ బ్రౌన్ రెక్లూజ్ కాదు. అంతకుమించి గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇంతకీ ఈ జోరో మన జార్జియాకి కొత్త కాపురం. సొంతూరు తూర్పు ఆసియా. జపాన్, కొరియా, చైనా, తైవాన్‌లలో మామూలు సాలీడు, మన దేశంలో కూడా ఉన్నట్టు లెక్కల్లో ఉంది. 2013 ప్రాంతంలో అట్లాంటాకి ఈశాన్యంగా, ఐ 85 రోడ్డు చుట్టుపక్కల జనానికి కనిపించడం మొదలైంది. 2014లో జార్జియా యూనివర్సిటీ వాళ్ళు చూసి, ఇది అమెరికాలో ఇంతకుముందు ఎవరూ చూడనిదని తేల్చారు. ఎలా వచ్చిందంటే, ఆ రోడ్డు పక్కన గోడౌన్లు మీకు తెలిసినవే కదా, తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఏదో షిప్పింగ్ కంటైనర్‌కి అంటుకుని వచ్చి ఉంటుందని వాళ్ళ అంచనా. మన గుత్తి కథ ఇలాంటిదే. అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప యార్డులో ఒక నీలం రంగు పెద్ద సాలీడు దొరికితే 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త దాన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ ఊరి పేరు దానికి అలాగే ఉండిపోయింది, ఇప్పటికీ ప్రపంచమంతా గుత్తి టరాంటులా అనే అంటారు. తీరా చూస్తే దాని అసలు ఇల్లు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి. కలపతో పాటు రైలెక్కి గుత్తిలో దిగిందన్నమాట. దాన్ని రైలు తెచ్చింది, దీన్ని ఓడ తెచ్చింది, మనల్ని విమానం తెచ్చింది.

జోరో అన్నది జపాన్ పేరు. అక్కడి జానపద కథల్లో అందమైన ఆడమనిషి వేషం వేసి మగవాళ్ళని వలలో వేసుకునే సాలెపురుగు ఒకటుంది, ఆ పేరు దీనికి పెట్టారు. మన చెవికి మాత్రం జోరు మీదున్న సాలీడు అన్నట్టు వినిపిస్తుంది. నిజానికి దీని అంత జోరు లేని సాలీడుని నేను చూడలేదు. జార్జియా యూనివర్సిటీలో ఆండీ డేవిస్ అనే ఆయన దీని మీద పదేపదే ప్రయోగాలు చేశాడు, వాటిల్లో ఒకటి భలే సరదాగా ఉంటుంది. రకరకాల సాలీళ్ళ మీద గాలి ఊది, బెదిరి కదలకుండా ఎంతసేపు ఉంటాయో చూశారు. చాలా రకాలు నిమిషం, నిమిషంన్నరలో తేరుకుని తమ పని తాము చూసుకున్నాయి. జోరో గంటకు పైగా బిగుసుకుని కూర్చుంది! మీరు చీపురు కొసతో తాకితే కదలకపోవడానికి చలి ఒక్కటే కారణం కాదు, దాని పిరికితనం కూడా కలిసింది.

ఇక చలి సంగతి. ఉత్తరంలో మీరడిగిన వాటిల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే. మనకి ఒంట్లో ఒక కుంపటి ఎప్పుడూ రగులుతూ ఉంటుంది, బయట ఎంత చలైనా లోపల 98.6. సాలీడుకి ఆ కుంపటి లేదు. బయట ఎంతో దాని ఒళ్ళూ ఇంచుమించు అంతే. కాబట్టి పొద్దున 31 డిగ్రీలంటే దాని ఒంట్లో పనులన్నీ నత్తనడకన సాగుతుంటాయి. మధ్యాహ్నం ఎండ తగిలి 55, 60కి వస్తే మళ్ళీ కాస్త కదులుతుంది. మీరు మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి చూసి ఉంటే రెయిలింగ్ మీద ఇంకో చోట ఉండేది బహుశా.

మరి మంచు పేరుకున్నా చావలేదేం? జోరో చుట్టం అని పైన చెప్పాను చూడండి, ఆ ఫ్లోరిడా వైపు బంగారు దారం సాలీడు, దాన్నీ జోరోనీ పక్కపక్కన పెట్టి డేవిస్, ఆయన దగ్గరి ఒక విద్యార్థి కలిసి 2022లో ఒక పరిశోధన అచ్చువేశారు. జోరో ఒంట్లో జీవక్రియ దానికన్నా దాదాపు రెట్టింపు వేగంగా నడుస్తుంది, గుండె 77 శాతం ఎక్కువగా కొట్టుకుంటుంది, కాసేపు గడ్డకట్టే చలిలో పెడితే జోరోలే ఎక్కువ బతికాయి. జపాన్ కూడా ఇంచుమించు జార్జియా అక్షాంశంలోనే ఉంది, అక్కడా ఇలాంటి చలికాలమే. అక్కడ పుట్టి పెరిగిన దానికి కమ్మింగ్‌లో మొదటి మంచు ఒక లెక్కా? గుంటూరు ఎండకి అలవాటు పడ్డవాళ్ళకి మాత్రం, పోయినేడు మా మావయ్య వచ్చినప్పుడు చూశాను, అక్టోబర్‌లోనే మంకీ క్యాప్.

కానీ ఎంత తట్టుకున్నా దానికి ఇదే ఆఖరి నెల. జోరోకి ఏడాదే ఆయుష్షు. వసంతంలో గుడ్డులోంచి వస్తుంది, ఎండాకాలమంతా చిన్నగా ఎవరి కంటా పడకుండా పెరుగుతుంది, ఆగస్టు దాటాక ఒక్కసారిగా అందరికీ కనిపిస్తుంది, అక్టోబర్, నవంబర్‌లలో గుడ్లు పెడుతుంది, గట్టి చలి పడగానే పోతుంది. మీ పైఫొటోలో దాని పొట్ట కాస్త ముడతపడి చప్పబడినట్టుంది. నిండు పొట్టతో ఉన్నదాని పొట్ట ద్రాక్షపండులా బిగువుగా ఉంటుంది. కాబట్టి గుడ్లు పెట్టేసి, గూడు వదిలి, ఇప్పుడు ఊరికే ఉన్నట్టుంది.

బతికుందా పోయిందా అని దగ్గరికెళ్ళి చూడాలంటే భయంగా ఉంటుంది కదా, దూరం నుంచే తెలుసుకునే గుర్తు ఒకటి చెప్తాను. కాళ్ళు చూడండి. సాలీడుకి కాళ్ళు ముడుచుకోవడానికి కండరాలున్నాయి కానీ, పెద్ద కీళ్ళ దగ్గర చాపుకోవడానికి లేవు. ఒంట్లోని ద్రవాన్ని కాళ్ళలోకి నెట్టి ఆ ఒత్తిడితో చాపుతుంది, జేసీబీ చెయ్యి ఆయిల్ ఒత్తిడితో పైకి లేచినట్టు. చచ్చిపోతే ఆ ఒత్తిడి పోతుంది, కాళ్ళన్నీ పొట్ట కిందికి గుప్పిట మూసినట్టు ముడుచుకుపోతాయి. చచ్చిన సాలీడు ఎప్పుడూ వెల్లకిలా ముడుచుకుని కనిపించేది అందుకే. మీ ఫొటోలో కాళ్ళు చాచే ఉన్నాయి, అంటే చలికి కొయ్యబారింది, ప్రాణం ఉంది.

ఆ చిన్న గోధుమరంగువి పిల్లలు కావమ్మా, మొగుళ్ళు. నవ్వకండి, నిజంగానే. మగ జోరో ఆడదాని పక్కన ఏమూలకీ రాదు, పసుపూ ఉండదు, నీలమూ ఉండదు, మామూలు గోధుమరంగు పురుగులా ఉంటుంది. ఒక ఆడదాని గూట్లో రెండు మూడు మగవి ఇల్లరికం వచ్చినట్టు చేరి, గూటి అంచున కాలక్షేపం చేస్తూ, అప్పుడప్పుడూ ఆవిడ పట్టినదాంట్లో ఇంత రుచి చూస్తూ, ఆవిడ ఆకలి మీద లేనప్పుడు చూసుకుని జాగ్రత్తగా దగ్గరికి వెళ్తుంటాయి. ఆడవాటి కన్నా ముందే రాలిపోతాయి కాబట్టి నవంబర్‌లో మీకు అవి కనిపించలేదు.

విషం మాట. సాలీళ్ళలో ఒకటి రెండు రకాలకి తప్ప అన్నిటికీ విషం ఉంటుంది, ఈగనో దోమనో కదలకుండా చెయ్యడానికి. జోరోకీ ఉంది. అయితే దాని కోరలు మన చర్మంలోకి దిగడమే కష్టం, దిగినా తేనెటీగ కుట్టినంత, చాలాసార్లు అంతకూడా ఉండదు. అదీ మీరు దాన్ని గుప్పిట్లో పట్టుకుని నొక్కితేనే. బాబు ఎప్పుడైనా అలా చేసి కరిపించుకున్నాడే అనుకోండి, సబ్బుతో కడిగి ఐస్ పెట్టండి. తేనెటీగలకి ఒళ్ళంతా వాచే ఎలర్జీ ఉన్నవాళ్ళయితే మాత్రం దేనికైనా జాగ్రత్తగానే ఉండాలి, ఊపిరి కష్టమైతే 911కి ఫోన్ చెయ్యాలి, ఇది సాలీడుకనే కాదు.

మరి మీ అమ్మగారు చెప్పే పొక్కులు? మా ఇంట్లోనూ ఇదే మాట. పొద్దున లేచేసరికి మెడ మీదో చేతి మీదో మంటగా, వరసగా పొక్కులుంటే "రాత్రి సాలీడు పాకింది" అనేసేవాళ్ళు, పసుపో గంధమో రాసేవాళ్ళు. సాలీడు పాకితే పొక్కులు రావు. మన వైపు వానాకాలంలో దీపం చుట్టూ చేరే సన్నటి పురుగు ఒకటుంది, ఎరుపు నలుపు రంగుల్లో, చూడ్డానికి రెక్కల చీమలా ఉంటుంది. అది మెడ మీద వాలినప్పుడు మనం నిద్రలో చేత్తో నలిపేస్తాం, దాని ఒంట్లోని రసం అంటుకున్న మేరకి చర్మం కాలినట్టై పొక్కుతుంది. చాలావరకు ఆ పొక్కుల వెనక ఉండేది ఆ పురుగే. ఇంకొన్నిసార్లు అది సర్పి, అంటే వైరస్ వల్ల వచ్చేది, దానికి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆలస్యం చెయ్యకూడదు. గోడ మీద కళ్ళెదురుగా కనిపించేది సాలీడు కాబట్టి నింద దాని మీద పడింది. మీ అమ్మగారికి చెప్పేటప్పుడు కాస్త మెల్లగా చెప్పండి, నేను మా అమ్మతో ఈ విషయం మీద ఇరవయ్యేళ్ళుగా ఓడిపోతున్నాను.

ఆవిడ చెప్పిన రెండో మాట మాత్రం అక్షరాలా నిజం. శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం శ్రీ అంటే సాలీడే. కాళం పాము, హస్తి ఏనుగు. లింగానికి దారాలతోనే గుడి కట్టి, దీపం మంటకి ఆ గుడి అంటుకుంటే ఆ మంటనే మింగబోయిన సాలీడుకి శివుడు మోక్షం ఇచ్చాడని కథ. మన భాషలో సాలీడు అన్న మాటలోనే సాలె, అంటే నేత ఉంది. మంగళగిరి పక్క ఊళ్ళల్లో పుట్టినవాళ్ళం, మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాళ్ళం, నేసేవాళ్ళని చెప్పుతో కొడతామా? అయితే ఆ బంగారు గూడు మొహానికి తగిలినప్పుడు మాత్రం నాకు శివుడూ గుర్తు రాడు, మగ్గమూ గుర్తు రాదు. ఇక్కడికొచ్చాక మొదటి అక్టోబర్‌లో రాత్రి చెత్త డబ్బా రోడ్డు మీదికి లాక్కెళ్తూ రెండు చెట్ల మధ్య కట్టిన గూట్లోకి సూటిగా నడిచాను. మామూలు బూజులా తెగిపోదు, సన్న చేపల వలలో తల పెట్టినట్టు సాగుతుంది. అరిచిన అరుపుకి పక్కింటాయన టార్చ్‌లైట్ వేసుకుని వచ్చాడు. మర్నాడు పొద్దున్నే ఒక స్ప్రే డబ్బా మొత్తం ఖాళీ చేశాను. పై ఏడాది అదే మూల ఒకటి కాదు, రెండు.

ఇల్లు, పెస్ట్ కంట్రోల్ సంగతి కలిపే చెప్పేస్తాను. జోరో చలికి ఇంట్లోకి వచ్చే రకం కాదు. దానికి కావాల్సింది ఎగిరే పురుగులు, గూడు కట్టడానికి ఆరుబయట చోటు. మీ హాల్లో ఆ రెండూ లేవు. మహా అయితే వరండా దీపం దగ్గర పురుగులు ఎక్కువ కాబట్టి అక్కడ కడుతుంది. చలికాలంలో గరాజ్‌లోనో బేస్‌మెంట్‌లోనో ఒక పెద్ద, బొచ్చుతో ఉన్న గోధుమరంగు సాలీడు సర్రున పరిగెడుతూ కనిపిస్తే అది వేరే, దాన్ని వుల్ఫ్ స్పైడర్ అంటారు. గూడు కట్టదు, నేల మీద వేటాడుతుంది, వీపు మీద పిల్లల్ని మోస్తుంది. చలి పడ్డాక తలుపు కింద సందుల్లోంచి వచ్చేస్తుంటుంది. రాత్రి టార్చ్ నుదుటి దగ్గర పెట్టుకుని పెరట్లోకి వేసి చూడండి, గడ్డిలో ఆకుపచ్చగా మినుకుమినుకుమంటాయి వాటి కళ్ళు. బాబుకి చూపిస్తే వారం రోజులు ఇంకో మాట మాట్లాడడు. దానితోనూ పెద్ద ప్రమాదం లేదు, గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి బయట వదిలెయ్యండి, తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి.

పెస్ట్ కంట్రోల్ అతను ఫొటో చూసి "డేంజర్" అన్నాడంటే అతనికి సాలీడు తెలియదనన్నా అనుకోవాలి, తెలిసీ అన్నాడనన్నా అనుకోవాలి, నేను ఏదో ఒకటి అనను. కానీ నవంబర్ చివర జోరో కోసం కాంట్రాక్ట్ అమ్మడం అంటే రాలిపోతున్న ఆకులకి మందు కొట్టడం. గోడల వెంట కొట్టే మందు గోడ మీద నడిచే పురుగులకి పనిచేస్తుంది. గాల్లో తన గూట్లో తాను వేలాడే దానికి ఆ మందు తగిలేదెప్పుడు? సరిగ్గా దాని మీదే గురిపెట్టి కొడితే చస్తుంది, అది చీపురుతో కూడా చస్తుంది. జార్జియా యూనివర్సిటీ వాళ్ళు కూడా మందులొద్దు, అడ్డమొస్తే కర్రతో తీసి వేరేచోట పెట్టండి అనే చెప్తున్నారు. 2024 వేసవిలో "ఎగిరే విషపు సాలీళ్ళు న్యూయార్క్ వస్తున్నాయి" అని వార్తలు చూసి హైదరాబాద్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. ఎగిరేది అప్పుడే పుట్టిన పిల్లలు, ఆవగింజంత ఉంటాయి, ఒక దారం గాల్లోకి వదిలి దానితో పాటు తేలిపోతాయి, చాలా రకాల సాలీళ్ళ పిల్లలు అదే చేస్తాయి. అరచెయ్యంతది ఎగరదు.

ఇంత చెప్పాక జోరోని నేను పూర్తిగా వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. జోరోలు బాగా పెరిగిన చోట ఇక్కడి పాత సాలీళ్ళు, గుండ్రటి గూళ్ళు కట్టేవి, తక్కువ కనిపిస్తున్నాయని జార్జియా, టెన్నెసీ పరిశోధకులు లెక్కలు తీసి చెప్పారు. నా పెరట్లో నేను చూసింది కూడా అదే, ఇదివరకు మెయిల్‌బాక్స్ దగ్గర ఏటా ఒక తోట సాలీడు ఉండేది, మూడేళ్ళుగా లేదు. మరోపక్క, చలికాలం ముందు గుంపులుగా ఇళ్ళల్లో దూరే ఆ కంపు పురుగుల్ని, అదే స్టింక్‌బగ్గుల్ని, జోరో శుభ్రంగా తింటుంది. కాబట్టి ఎవరైనా చంపితే నేను పాపం అనను, వదిలేస్తే పిచ్చి అనను. ఒకటి చంపినందువల్ల ఏమీ తగ్గదు, అంతే. నాకైతే మారేడుమిల్లి ఘాట్ రోడ్డు పక్కన చెట్ల మధ్య చూసిన పెద్ద అడవి సాలీడు గుర్తొస్తుంది దీన్ని చూస్తే, అది దీని చుట్టమే, ఇంకా పెద్దది, అదీ బంగారు దారమే తీస్తుంది. అందుకని మా ఇంట్లో దారికి అడ్డం లేనివి అలాగే ఉంటాయి.

మీరు చెయ్యాల్సింది చాలా కొంచెం. బాబు ఆడుకునే చోటే ఉందనిపిస్తే ఒక పొడుగు కర్ర దాని ముందు పెట్టి మెల్లగా ఎక్కించి, కంచె పక్క పొదలో వదిలెయ్యండి. మధ్యాహ్నం చెయ్యండి ఆ పని, పొద్దున చలిలో కాళ్ళు పట్టు దొరక్క కింద పడిపోతుంది. చేతికి గార్డెన్ గ్లవ్స్ వేసుకుంటే భయం లేకుండా ఉంటుంది, మీ ఆయనకి ఇవ్వండి ఆ పని, చెప్పుకి బదులు. బాబుకి "పట్టుకోకు, చూడు" అని చెప్పి దగ్గరుండి చూపించండి, సాలీడు కనిపించినప్పుడల్లా మనం కెవ్వుమంటే వాడు జీవితాంతం కెవ్వుమంటాడు.

ఒక్క పని మాత్రం మర్చిపోవద్దు. గుడ్లు పెట్టేసిందన్నాను కదా, ఆ సంచి ఎక్కడో దగ్గర్లోనే ఉండి ఉంటుంది. తెల్లగానో లేత పసుపుగానో దూదిపింజని నొక్కి అతికించినట్టుంటుంది, అర రూపాయి అంత నుంచి రూపాయి అంత, చెట్టు బెరడు మీద, చూరు కింద, డెక్ పలకల అడుగున పెడుతుంది. ఒక్కోదాంట్లో నాలుగైదు వందల గుడ్లుంటాయి, చలికాలమంతా అలాగే ఉండి వసంతంలో పిల్లలవుతాయి. వద్దనుకుంటే చాకుతో గీకి సబ్బునీళ్ళలో వేస్తే సరి. మీరు ఆ రోజు సర్దబోయిన ప్లాస్టిక్ కుర్చీలున్నాయి చూడండి, రెయిలింగ్ మూలకి అంత దగ్గర్లో, రెండు నెలలుగా కదపకుండా ఉన్నవి, వాటిని గరాజ్‌లోకి మోసుకెళ్ళే ముందు ఒక్కొక్కటీ తిరగేసి సీటు అడుగున చూడండి.